పాత కంప్యూటర్లకు ముద్దుపేర్లు ఎవరు పెట్టారు?

బ్రెడ్‌బిన్, ట్రాష్-80 లాంటి పేర్లు కంపెనీలే పెట్టాయా అని అడిగారు. కాదు, అవి వాడినవాళ్ల నోట పుట్టినవి. పాత మెషీన్లు బాగుచేయడం నాకు చాలా ఏళ్లుగా అలవాటు. ఒక్కో మెషీన్ చేతిలోకి వచ్చాకే దాని ముద్దుపేరు నాకు సరిగ్గా అర్థమైంది.

బ్రెడ్‌బిన్ అంటే 1982లో వచ్చిన కమోడోర్ 64. మందంగా, గుండ్రటి అంచులతో, చూడగానే రొట్టెలు దాచుకునే డబ్బాలా ఉంటుంది. 1986లో పలుచటి 64సి వచ్చాక ఈ పేరు ఇంకా పనికొచ్చింది. ఎవరైనా పాత కేస్ కావాలంటే ఇప్పటికీ నేను ముందు అడిగేది "బ్రెడ్‌బిన్నా, సి మోడలా?" అనే.

సింక్లెయిర్ వాళ్ల స్పెక్ట్రమ్ కంప్యూటర్‌ను స్పెక్కీ అనడం, బీబీసీ మైక్రో కంప్యూటర్‌ను బీబ్ అనడం నోటికి సులువుగా ఉండటానికే. టాండీ కంపెనీ వాళ్ల కలర్ కంప్యూటర్ కోకో అయింది కూడా అలాగే, రెండు మాటల్లోంచి చెరో ముక్క తీసుకుని.

ట్రాష్-80 వేరు. అసలు పేరు టీఆర్‌ఎస్-80, 1977 నాటిది. టీ అంటే టాండీ, ఆర్‌ఎస్ అంటే ఆ కంపెనీ దుకాణాల పేరు రేడియో షాక్, 80 అంటే లోపలున్న జెడ్80 ప్రాసెసర్. టీఆర్‌ఎస్ అనే మూడు అక్షరాలను ఒక మాటగా చదివితే 'ట్రాష్', అంటే చెత్త, దగ్గరే ఉంది. కొందరు వెక్కిరించడానికి అన్నారు, దాని మీదే ప్రోగ్రామింగ్ నేర్చుకున్నవాళ్లు మాత్రం ప్రేమగానే అనేవారు. నాకు మాత్రం ఆ పేరు వాడాలనిపించదు, ఆ మెషీన్‌కు అంతకంటే మర్యాద దక్కాలి.

అటారీ ఎస్‌టీ కంప్యూటర్ ముద్దుపేరు జాకింటాష్ వెనక ఒక మనిషి ఉన్నాడు. కమోడోర్ స్థాపించిన జాక్ ట్రామియెల్ 1984లో దాన్ని వదిలి అటారీ హోమ్ కంప్యూటర్ల వ్యాపారం కొన్నాడు. మరుసటి ఏడాది ఆపిల్ వాళ్ల మెకింటాష్ కంప్యూటర్‌లాగే మౌస్‌తో, బొమ్మల తెరతో అటారీ ఎస్‌టీ వచ్చింది. జాక్ చేసిన మెకింటాష్ కాబట్టి జాకింటాష్!

అన్నిటికంటే నాకు ఇష్టమైనది ఐబీఎం 1620 అనే పాత కంప్యూటర్ కథ. దాని కోడ్‌నేమ్ క్యాడెట్. వాడినవాళ్లు ఆ ఇంగ్లీషు అక్షరాలను (C-A-D-E-T) విడదీసి "కాంట్ యాడ్, డజంట్ ఈవెన్ ట్రై" అన్నారు, అంటే కూడటం రాదు, ప్రయత్నం కూడా చేయదు. అది నిజమే! మొదటి మోడల్‌లో కూడికకు ప్రత్యేక సర్క్యూట్ లేదు. ఎక్కాల పుస్తకం చూసి జవాబు చెప్పే పిల్లవాడిలా మెమరీలోని పట్టిక చూసి చెప్పేది. పొరపాటున ఏ ప్రోగ్రామైనా ఆ పట్టికను చెరిపేస్తే, కూడికలన్నీ తప్పేవి.