ఇంటి విలువ పెరిగితే బడికి డబ్బు పెరుగుతుందా?

టెక్సస్‌లో ఉంటున్న పాఠకులు స్కూల్ పన్నుల మీద పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు.

ప్రశ్న: కొన్నేళ్లుగా మా ఇంటి విలువ పెరుగుతూనే ఉంది, స్కూల్ పన్ను వేలల్లో కడుతున్నాం. అయినా ఊరి బడులను నడిపే మా స్కూల్ డిస్ట్రిక్ట్ డబ్బు చాలడం లేదంటూ రేటు పెంచడానికి ఓటు అడుగుతోంది. మేం కట్టేదంతా ఎటు పోతోంది? – డాలస్ శివారు పాఠకురాలు

జవాబు: మీ ఇంటి విలువ పెరిగినంత మాత్రాన బడి నడపడానికి వచ్చే డబ్బు పెరగదండీ. ఈ చర్చలో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే.

ఒక డిస్ట్రిక్ట్‌కు ఎంత రావాలో రాష్ట్రం ముందు ఒక సూత్రం ప్రకారం లెక్క కడుతుంది. ఒక్కో విద్యార్థికి ఇంత అని ఒక మూల మొత్తం ఉంటుంది. స్పెషల్ ఎడ్యుకేషన్, ఇంగ్లిష్ నేర్చుకునే పిల్లలు, పేద కుటుంబాల పిల్లలు వంటి వాటికి అదనం కలుపుతారు. ఆ మొత్తంలో ముందుగా మీ ఊరి పన్నును జమ వేసుకుని, తగ్గినది రాష్ట్రం ఇస్తుంది. ఇళ్ల విలువలు పెరిగి ఊరి పన్ను ఎక్కువ వస్తే రాష్ట్రం తన వాటా ఆ మేరకు తగ్గించుకుంటుంది. బడికి అందే మొత్తం మాత్రం అంతే. ఊరి పన్ను ఆ లెక్కను మించిపోతే, మించినది రాష్ట్రానికి వెళ్తుంది. దాన్నే రీకాప్చర్ అంటారు, వాడుకలో 'రాబిన్ హుడ్'. ధనిక, పేద డిస్ట్రిక్ట్‌ల మధ్య తేడా రాజ్యాంగ విరుద్ధమని 1989లో ఎడ్జ్‌వుడ్ కేసులో టెక్సస్ సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తర్వాత 1993లో ఈ పద్ధతి వచ్చింది.

మూల మొత్తం 2019లో 6,160 డాలర్లు. ధరలు అంతగా పెరిగిన కాలమంతా అది కదలలేదు. 2025లో 55 డాలర్లు కలిపి 6,215 చేశారు. అదే చట్టంలో టీచర్ల జీతాల వంటి వాటికి విడిగా నిధులు ఇచ్చారు కానీ, అవి ఆ పద్దులకే ఖర్చు కావాలి. కరెంటు బిల్లు, బీమా, బస్సుల వంటి ఖర్చులకూ విడిగా కొంత ఇచ్చారు.

ఇంకో సంగతి. బడికి డబ్బు వచ్చేది పేరు నమోదైన పిల్లలను బట్టి కాదు, సగటు హాజరును బట్టి. వందమంది చేరి సగటున 95 మంది వస్తే 95 మందికే లెక్క. బడి ఉన్న రోజుల్లో పిల్లల్ని వారాల తరబడి ఇండియాకు తీసుకువెళ్తే ఆ మేరకు బడికి కోత పడుతుంది. టికెట్లు కొనేముందు స్కూల్ క్యాలెండర్ చూసుకోండి.

ప్రశ్న: బ్యాలెట్‌లో రేటు ఎన్నిక ఒకటి, బాండ్లు కొన్ని కనిపిస్తాయి. రెండూ ఒకటేనా? రేటు పెరగదని చెబుతూనే 'ఇది ఆస్తి పన్ను పెంపు' అని బాండ్ కింద ఎందుకు రాస్తారు? – కేటీ

జవాబు: ఒకటి కాదు. స్కూల్ రేటులో రెండు భాగాలుంటాయి. ఎం అండ్ ఓ అంటే జీతాలు, నిర్వహణ. ఐ అండ్ ఎస్ అంటే బాండ్ అప్పు, వడ్డీ తీర్చడం. బాండ్ డబ్బుతో భవనాలు, బస్సులు, కంప్యూటర్లు కొనవచ్చు కానీ టీచర్లకు జీతం ఇవ్వలేరు. 'స్టేడియం మానేసి జీతాలు పెంచండి' అనే వాదన అందుకే నిలవదు. స్టేడియం వద్దనుకుంటే దాని ప్రతిపాదనకు మాత్రం 'వద్దు' అనవచ్చు, అది బ్యాలెట్‌లో విడిగా వస్తుంది.

ఆ వాక్యం రాయాలని 2019 చట్టం ఆదేశం. పాత అప్పు తీరుతూ, కొత్త ఇళ్లు వస్తూ ఉంటే రేటు పెరగకుండానే కొత్త బాండ్ తీర్చగలిగినా సరే, రాయాల్సిందే. ఓటు వేసేముందు చూడాల్సింది ఆ వాక్యం కాదు, ఐ అండ్ ఎస్ రేటు అంచనా.

ఎం అండ్ ఓ పెంపులో మాత్రం ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: ఇందులో 'గోల్డెన్' సెంట్లు ఎన్ని, 'కాపర్' సెంట్లు ఎన్ని? రేటును ప్రతి వంద డాలర్ల ఇంటి విలువకు ఇన్ని సెంట్లని చెబుతారు. రాష్ట్రం లెక్క కట్టే మూల రేటు మీద మొదటి ఎనిమిది సెంట్లు గోల్డెన్, వాటికి రీకాప్చర్ లేదు. తర్వాతి తొమ్మిది కాపర్, వాటికి ఉంది. గోల్డెన్ సెంట్లు ఇంకా మిగిలి ఉన్న చోట 'పెంచినా ఆస్టిన్‌కే (రాష్ట్ర ప్రభుత్వానికే) పోతుంది' అన్న మాట నిజం కాదు.

మీ భారం లెక్క ఇలా వేసుకోండి. ఇల్లు 5 లక్షల డాలర్లు అనుకుందాం. సొంతంగా ఉండే ఇంటికి ఇచ్చే హోమ్‌స్టెడ్ మినహాయింపు 1,40,000 తీస్తే 3,60,000. రేటు ప్రతి వంద డాలర్లకు కాబట్టి మూడు సెంట్లు పెంచితే ఏడాదికి 108 డాలర్లు. 2024 నవంబరులో ఫ్రిస్కో ఓటర్లు రేటు పెంపును తిరస్కరించారు. ఇలాంటి ఎన్నికల్లో ఎటు ఓటు వేసినా ఈ లెక్క వేసుకునే వేయాలి.

ప్రశ్న: హెచ్‌1బీ మీద ఉన్నాం. పన్ను కడతాం, ఓటు లేదు. ఇంక చేయగలిగిందేమీ లేదా? – ఇర్వింగ్

జవాబు: ఉంది. బడ్జెట్, పన్ను రేటు మీద స్కూల్ బోర్డు బహిరంగ విచారణ జరపాలి. అక్కడ మాట్లాడటానికి పౌరసత్వం అక్కర్లేదు. ముందుగా పేరు ఇచ్చి, అంకెలతో రెండు మూడు నిమిషాల్లో చెప్పండి. పౌరసత్వం వచ్చిన మిత్రులకు గుర్తుచేయండి: ఎన్నికకు 30 రోజుల ముందే నమోదు కావాలి, అద్దె ఇంట్లో ఉన్నా ఓటు ఉంటుంది. మీరు మాత్రం డ్రైవింగ్ లైసెన్స్ కౌంటర్ దగ్గర పొరపాటున కూడా ఓటరు నమోదుకు 'అవును' అనకండి. పౌరులమని తప్పుగా చెప్పినట్టయితే వీసా, గ్రీన్‌కార్డు ప్రమాదంలో పడతాయి.

ప్రశ్న: గ్రీన్‌కార్డు ఉన్న అమ్మానాన్న మాతోనే ఉంటారు, ఇద్దరికీ 65 దాటాయి. వృద్ధుల మినహాయింపు వస్తుందా? – ప్లేనో

జవాబు: ఇంటి పత్రంలో వాళ్లలో ఒకరి పేరయినా ఉండి, అదే వాళ్ల ప్రధాన నివాసమైతే వస్తుంది. ఊరికే మీతో ఉంటే రాదు. మినహాయింపు కోసమే పేరు చేర్చేముందు లోన్ ఇచ్చిన సంస్థనూ, లాయర్‌నూ అడగండి. మినహాయింపు వచ్చాక స్కూల్ పన్ను మొత్తం ఒక గరిష్ఠ పరిమితి దగ్గర ఆగుతుంది. గది కట్టడం వంటివి చేస్తేనే అది పెరుగుతుంది. దరఖాస్తు ఫారం 50-114, ఇళ్ల విలువ కట్టే మీ కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కు ఇవ్వాలి. డ్రైవింగ్ లైసెన్స్‌లో ఉన్న చిరునామా, ఇంటి చిరునామా ఒకటి కాకపోతే సాధారణంగా తిప్పి పంపుతారు. ఫీజు ఏమీ లేదు. డబ్బు కడితే దాఖలు చేసిపెడతామంటూ వచ్చే ఉత్తరాలను పట్టించుకోకండి.