మా సాఫ్ట్‌వేర్‌కు అధిక శ్రావణం తెలియదు

కృత్రిమ మేధ సాయంతో కంపెనీలు మెరుగైన నిర్ణయాలు తీసుకుని పోటీలో ముందుండగలవా అన్నది ప్రశ్న. ఉండగలవు, కానీ పక్క కంపెనీకి దొరకనిదేదో దానికి తామే నేర్పినప్పుడు మాత్రమే. విజయవాడలో ఒక పట్టుచీరల దుకాణాల సంస్థకు సరుకు కొనే పనిలో ఉన్న నేను 2023 నాటి అనుభవంతో ఈ మాట చెబుతున్నాను.

గిరాకీని ముందే అంచనా వేసే సాఫ్ట్‌వేర్‌ను మేము ఆ ఏడాదే తెచ్చుకున్నాము. అది గత రెండేళ్ల బిల్లులు చదివి, ఆగస్టు మొదటి పక్షంలో ధర్మవరం, గద్వాల చీరలు బాగా అమ్ముడవుతాయని, జూలై 20కల్లా సరుకు దించుకోవాలని సూచించింది. శ్రావణం 2021లో ఆగస్టు 9న, 2022లో జూలై 29న మొదలైంది కనుక దాని లెక్క దానికి సరిపోయింది. ఏళ్ల తరబడి కౌంటరులో చీరలు చూపిస్తున్న మా పెద్ద గుమాస్తా మాత్రం ఆ కాగితం చూసి, "బాబూ, ఈ ఏడు అధిక శ్రావణం. నిజ శ్రావణం ఆగస్టు 17న గాని రాదు. అప్పటిదాకా పెళ్లిచీర ఎవరు కొంటారు?" అన్నారు. నేను ఆ మాట పైవారికి చెప్పలేదు, ఆర్డరు వెళ్లిపోయింది.

జూలై 18న అధికమాసం వచ్చింది. నెల రోజులు పట్టుచీరల అంతస్తు బోసిపోయింది, మగ్గాలవారికి ఇవ్వవలసిన డబ్బు ఆలస్యమైంది. ఆ ఆలస్యం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

అమెరికాలో ఇళ్ల ధరలను అంచనా వేయడంలో పేరుపడ్డ జిల్లో సంస్థ కూడా తన అంచనాలను నమ్మి ఇళ్లు కొని, 2021 నవంబరులో ఆ వ్యాపారాన్నే మూసివేస్తున్నట్లు, సిబ్బందిలో దాదాపు నాలుగో వంతును తగ్గిస్తున్నట్లు ప్రకటించింది. అంత డేటా ఉన్న సంస్థకే అలా జరిగినప్పుడు, "కంప్యూటర్ చెప్పింది" అని సంతకం పెట్టి బాధ్యత దులుపుకునే అధికారులను ఎలా సమర్థించగలం? పైగా ఆ నివేదికలన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. కొనేవారితో రోజూ మాట్లాడే అమ్మకందారులకు వాటిని చదివి తప్పు పట్టే అవకాశమే ఉండదు.

తరువాత మేము సాఫ్ట్‌వేర్ చదివే డేటాలో ప్రతి తేదీ పక్కన తెలుగు మాసం, మూఢం, ముహూర్తాల సంఖ్య చేర్చాము. 2024లో శ్రావణం ఆగస్టు 5న వస్తే, సరుకు సరిగ్గా వారం ముందు దిగింది. అదే సాఫ్ట్‌వేర్ మా వీధిలో మరో దుకాణంలోనూ ఉంది. ఈ వరుసలు మాత్రం మా దగ్గరే ఉన్నాయి. 2026లో మే 17 నుంచి జూన్ 15 వరకు ఉండే అధిక జ్యేష్ఠాన్ని గుమాస్తాగారు దగ్గర కూర్చుని మరీ నింపించారు.