పొల్యూషన్ చెక్ రేటు ఎవరు పెడతారు?

ప్రశ్న: మేం ఢిల్లీలో ద్వారకలో ఉంటాం. నా స్కూటీకి పొల్యూషన్ చెక్ ఇదివరకు 60 ఉండేది, ఇప్పుడు 80, పైన జీఎస్టీ. పోనీ సరిగ్గా చూశారా అంటే సైలెన్సర్ జోలికే పోలేదు, నంబర్ ప్లేట్ ఫొటో తీసి కాగితం చేతిలో పెట్టారు. ఈ రేటు బంకు వాళ్ళదా, గవర్నమెంటుదా? ఏ లెక్కన పెంచుతారండీ?
– ఒక పాఠకురాలు, న్యూఢిల్లీ

జవాబు: రేటు గవర్నమెంటుదేనండీ. 2024 జులైలో ఢిల్లీ ప్రభుత్వం పెంచింది, టూవీలర్, ఆటోలకి 60 నుంచి 80, పెట్రోల్ కారుకి 80 నుంచి 110, డీజిల్‌కి 100 నుంచి 140. అంతకుముందు పెంచింది ఎప్పుడనుకున్నారు, 2011లో! పదమూడేళ్ళు అదే రేటు. ఆపరేటర్ జీతం, కరెంటు, మెషిన్ రిపేర్లు మాత్రం ఆగవు కదా, పైగా బీఎస్-4 (బండి వదిలే పొగకి కేంద్రం పెట్టిన ప్రమాణం), ఆ తర్వాతి ప్రమాణాల బళ్ళకి సర్టిఫికెట్ ఏడాదికోసారి చాలు కాబట్టి వచ్చే బళ్ళు కూడా తగ్గాయి, అందుకే ఇంత పెంచినా గిట్టదని బంకుల సంఘం వాళ్ళు ఆ నెలలోనే టెస్టింగ్ సెంటర్లు మూసేసి కూర్చున్నారు.

రేటు గవర్నమెంటు ఖరారు చేసేస్తుంది, ఖర్చు మాత్రం సెంటర్ వాడిది, అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. గిట్టనప్పుడు వాడు కోసేది టైమునే. పెట్రోల్ బండికి సైలెన్సర్లో గొట్టం పెట్టి, ఇంజన్ ఐడిల్‌లో ఉంచి కార్బన్ మోనాక్సైడ్ ఎంత, హైడ్రోకార్బన్లు ఎంత అని చూడాలి, డీజిల్‌కైతే యాక్సిలరేటర్ మళ్ళీ మళ్ళీ తొక్కి పొగ కొలవాలి. ఇవన్నీ చేస్తే గంటకి ఎన్ని బళ్ళు అవుతాయి చెప్పండి? మీకు జరిగింది మీ ఒక్కరికే కాదు, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఢిల్లీ మీద ఇచ్చిన రిపోర్టులో పరిమితి దాటిన 1.08 లక్షల బళ్ళకి కూడా సర్టిఫికెట్లు ఇచ్చేశారని తేలింది. అలాగని రేటు పెంచేస్తే నిజాయితీ దానంతటదే వచ్చేస్తుందని నేను నమ్మను లెండి, కానీ పదమూడేళ్ళు గాలికొదిలేసి ఒక్కసారిగా పెంచితే అటు జనానికీ మంట, ఇటు వాళ్ళకీ చాలదు. ఏడాదికి రెండు మూడు రూపాయల చొప్పున పెంచుతూ, దాంతోపాటు ఆకస్మిక తనిఖీలు పెడితే నయం.

బయట దేశాల్లో ఒక్కోచోట ఒక్కో పద్ధతి. బ్రిటన్‌లో కారు ఎంఓటీ టెస్టుకి (బండి కండిషన్, పొగ రెండూ చూసే టెస్టు) ప్రభుత్వం పెట్టింది గరిష్ఠ రేటు, 54.85 పౌండ్లు, గ్యారేజీ వాడు కావాలంటే తగ్గించుకోవచ్చు. కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్ళకి తెలిసే ఉంటుంది, అక్కడ స్మాగ్ సర్టిఫికెట్‌కి, అంటే వాళ్ళ పొల్యూషన్ సర్టిఫికెట్‌కి, 8.25 డాలర్లు రాష్ట్రానికి, టెస్టు రేటు షాపు వాడిష్టం. ఇక్కడ ఆ పద్ధతి పెడితే ఎవడు తక్కువకి టెస్టు లేకుండా ఇస్తాడా అని పోటీ మొదలవుతుందని నా భయం.

ప్రశ్న: టెస్టులో బండి ఫెయిలైతే కట్టిన డబ్బు వెనక్కి ఇస్తారా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఆ ఫీజు టెస్టు చేసినందుకండీ, పాసైనందుకు కాదు. కాకపోతే ఫెయిలైతే ఎందుకు ఫెయిలైందో రాసి రిజెక్షన్ స్లిప్ ఇవ్వాలని 2021 జూన్‌లోనే కేంద్రం రూల్ పెట్టింది. అడిగి తీసుకోండి, సర్వీసింగ్‌కి అదే చూపించొచ్చు, లేదా మెషినే సరిగ్గా లేదని డౌటొస్తే ఇంకో సెంటర్‌కి పట్టుకెళ్ళొచ్చు.