పూల్ అడుగున మట్టి మళ్లీ ఎందుకు చేరుతోందంటే

చంద్రగిరి దగ్గర మీ ఫామ్‌హౌస్ పూల్‌లో కార్తీక మాసం వానలకు ఎర్రమట్టి దిగిందనీ, వ్యాక్యూమ్ చేసినా తెల్లారేసరికి మళ్లీ కనిపిస్తోందనీ రాశారు కదండీ. అది కొత్త మట్టి కాదు. మరీ సన్నటి మట్టి శాండ్ ఫిల్టర్‌లో ఆగదు, రిటర్న్ (ఫిల్టర్ నుంచి నీళ్లు పూల్‌లోకి వచ్చే దారి) గుండా తిరిగి పూల్‌లోకే వస్తుంది.

అందుకే వ్యాక్యూమ్ చేసేటప్పుడు ఫిల్టర్ మీది వాల్వ్‌ను 'ఫిల్టర్' మీద కాకుండా, నీళ్లు నేరుగా బయటికి పోయే 'వేస్ట్' మీద పెట్టండి. మోటారు ఆపాకే హ్యాండిల్ తిప్పాలి, ఇది మాత్రం మరవద్దు. నడుస్తుండగా తిప్పితే లోపలి గాస్కెట్ దెబ్బతింటుంది.

వ్యాక్యూమ్ చేసే ముందురోజు సాయంత్రం, వాల్వ్‌ను 'వేస్ట్' మీదికి తిప్పకముందే, పటిక కరిగించి నీళ్లలో కలిపి, కాసేపు మోటారు వేసి, రాత్రంతా ఆపేయండి. మట్టి అంతా అడుక్కి దిగుతుంది. పటికతో పీహెచ్ తగ్గుతుంది, తర్వాత ఒకసారి చూసుకోండి.

పొద్దున వ్యాక్యూమ్ గొట్టం నిండా నీళ్లు పట్టి, బుడగలు ఆగాకే స్కిమ్మర్‌కు (పూల్ గోడలో నీళ్లు లాగే నోటికి) తగిలించండి. గొట్టం చివరి వ్యాక్యూమ్ హెడ్‌ను ఇల్లు ఊడ్చినట్టు గబగబా లాగకండి, మెల్లగా జరపండి. మట్టి పొగలా లేచిందా, ఆపేసి నీళ్లు తేరనివ్వండి. వేస్ట్‌లో నీళ్లు బయటికి పోతాయి కాబట్టి ముందే పూల్ కాస్త ఎక్కువ నింపుకోండి. నీటిమట్టం స్కిమ్మర్ నోటికంటే దిగితే మోటారు గాలి పీలుస్తుంది.

గట్టు వాలు పూల్ వైపే ఉందేమో కూడా చూడండి. అలా ఉంటే వానొచ్చినప్పుడల్లా ఇదే పని.