మోకాలి ఎంఆర్ఐ రిపోర్టులో ‘మెనిస్కస్ గ్రేడ్ 2 సిగ్నల్’ అంటే చిరిగినట్టేనా?

కాదు, మెనిస్కస్‌లో గ్రేడ్ 2 సిగ్నల్‌ని చిరుగుగా లెక్కించరు. సాధారణంగా గ్రేడ్ 3 అయితేనే చిరుగు అంటారు.

తొడ ఎముకకీ కింది కాలి ఎముకకీ మధ్య మెత్తలా ఉండే మృదులాస్థే మెనిస్కస్. ఎంఆర్ఐలో అది మామూలుగా నల్లగా కనిపిస్తుంది. లోపల అరుగుదల ఉంటే తెలుపు తేలుతుంది, రిపోర్టులో ‘సిగ్నల్’ అనేది దీన్నే. చుక్కలా ఉంటే గ్రేడ్ 1, గీతలా ఉంటే గ్రేడ్ 2. ఆ గీత ఎముక వైపు ఉపరితలం దాకా వచ్చేస్తే గ్రేడ్ 3.

ఉదాహరణకు, మెట్లు దిగుతూ మోకాలు మెలిపడిన 45 ఏళ్ల మనిషి రిపోర్టులో ‘మీడియల్ మెనిస్కస్ పోస్టీరియర్ హార్న్‌లో గ్రేడ్ 2 సిగ్నల్, ఏసీఎల్ ఇంటాక్ట్’ అని ఉందనుకోండి. లోపలి వైపు మెనిస్కస్ వెనక భాగంలో కాస్త అరుగుదల ఉంది, ఏసీఎల్ అనే లిగమెంట్ (మోకాలి లోపల ఎముకల్ని కలిపి పట్టి ఉంచే పట్టీ) తెగలేదు అని అర్థం. ఆ వయసులో ఈ అరుగుదల మామూలే, దెబ్బ వల్లే వచ్చిందని చెప్పలేం.

చాలామంది పొరబడేది ‘గ్రేడ్’ అన్న మాట దగ్గరే. లిగమెంట్‌కి గ్రేడ్ 2 అని రాస్తే మాత్రం అది కొంతమేర తెగినట్టే! అంకె కన్నా ముందు, అది దేని గురించి రాశారో చూడాలి. ఆపరేషన్ సంగతి మోకాలు పట్టేస్తోందా, జారిపోతున్నట్టుందా అని డాక్టర్ పరీక్షించాకే తేలుతుంది.