బోల్డ్ చేసినా వరుస చెదరదెందుకు?

ప్రశ్న: ప్రోగ్రామింగ్ నేర్చుకుంటూ సోర్స్ కోడ్ ప్రో అనే ఫాంట్ వాడుతున్నాను. అందులో అక్షరాలను బోల్డ్ చేసినా పంక్తి పొడవు పెరగడం లేదు; ఉత్తరాలు టైపు చేసే ఫాంట్‌లో మాత్రం పెరుగుతోంది. కారణం ఏమిటి? దీన్ని ఇతర పనులకూ వాడవచ్చా?
— ఒక పాఠకురాలు, వరంగల్లు

జవాబు: మీరు వాడుతున్నది ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు కేటాయించే మోనోస్పేస్ ఫాంట్. అడోబీ సంస్థ కోసం పాల్ హంట్ రూపొందించగా 2012లో విడుదలైన ఈ ఫాంట్‌లో, ఫాంట్ సైజును 1000 యూనిట్లుగా లెక్కిస్తే ప్రతి అక్షరానికీ 600 యూనిట్ల వెడల్పున్న గడి లభిస్తుంది. బోల్డ్‌లోనూ ఆ గడి మారదు కనుక వరుసలు చెదరవు.

అసలు కష్టమంతా రూపకర్తది. ఇంగ్లీషు చిన్నబడి ‘ఎమ్’ (m) లోని మూడు నిలువు గీతలనూ అదే గడిలో లావు చేయబోతే మధ్య ఖాళీలు పూడిపోతాయి కాబట్టి, వాటిని మిగతా అక్షరాల గీతల కంటే కొంత సన్నగా గీయవలసి వస్తుంది. ‘ఐ’కి మాత్రం, ఇది సాన్స్ సెరిఫ్ (అక్షరాల కొసలకు చిన్న అడ్డగీతలు లేని శైలి) అయినప్పటికీ, చుట్టూ బోసిగా కనిపించకుండా అడ్డగీతలు చేరుస్తారు. సున్నా మధ్యలోని చుక్క వల్ల అది ‘ఓ’ అక్షరంలా పొరబడేలా ఉండదు.

కోడ్‌లోని కీలక పదాలకు, అంకెల పట్టికల్లో మొత్తాలకు, టెర్మినల్ (కంప్యూటర్‌కు ఆదేశాలు టైపు చేసే కిటికీ) తెరపై హెచ్చరికలకు బోల్డ్ బాగా నప్పుతుంది. పేజీలకు పేజీలు సాగే వ్యాసానికి మాత్రం వద్దనే అంటాను. ఓపెన్ ఫాంట్ లైసెన్సు ఉన్నందున డబ్బు చెల్లించనక్కరలేదు. తెలుగు అక్షరాలు ఇందులో లేవు. ‘ణ’నూ ‘ర’నూ ఒకే వెడల్పులో ఇమిడ్చి, ఆపైన ఒత్తులు కూడా తగిలించడం అంత తేలిక కాదు మరి.