హాల్ టికెట్టుకి నూనె రాయొచ్చా?

పాఠకుల ప్రశ్నలు – మాస్టారి జవాబులు

ప్రశ్న: మాస్టారికి వందనాలు. మాది గుంటూరు, బ్రాడీపేట. మా తాతగారి నాటి నుంచి లూథరన్లం. ఇంట్లో బొమ్మలూ పటాలూ ఉండవు. మొన్న ఆదివారం మా చర్చి పాస్టరు అయ్యగారు "విగ్రహాలు మీ ఇళ్లలోనే ఉన్నాయి" అని ప్రసంగిస్తే మావారికి కోపం వచ్చింది. నాకు మాత్రం గుచ్చుకుంది. మా బాబు సీనియర్ ఇంటర్, ఎంపీసీ. ఆదివారం టెస్టుల వల్ల ఏడాదిగా చర్చికి రావడం లేదు. క్వయర్‌లో కీబోర్డు వాయించేవాడు, ఇప్పుడది గుడ్డ కప్పుకుని బీరువా మీద ఉంది. ఒక కూడికలో ఇచ్చిన ప్రార్థన నూనె మా బాబు హాల్ టికెట్టుకి రాసి, బైబిల్లో పెట్టి, దిండు కింద ఉంచాను. మా ఆడపడుచు చూసి "ఇదే విగ్రహారాధన" అంది. నిజమేనా? వాడికి మార్కులు తగ్గిన రోజు నాకు అన్నం దిగదు. ప్రార్థన చేయండి.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు నూనె సంగతి తేల్చేద్దాం. రోగి కోసం సంఘ పెద్దలు ప్రార్థన చేసి నూనె రాయాలని యాకోబు పత్రిక 5వ అధ్యాయంలోనే ఉంది. రాయమన్నది మనిషికి. కాగితానికి రాయడం నేనెక్కడా చదవలేదు. పైగా ఫొటో మీద మరక పడితే పరీక్ష హాలు గుమ్మం దగ్గర ఇంకో టెన్షన్. తీసి ఫైల్లో పెట్టండి.

మీ ఆడపడుచు మాటని కొట్టిపారేయను. మోషే చేసిన ఇత్తడి పాము సంగతి గుర్తుందా? అది దేవుడే చేయించింది. కాటు తిన్నవాళ్లు దాన్ని చూసి బతికారు. కొన్ని వందల ఏళ్లు గడిచేసరికి జనం దానికి ధూపం వేస్తున్నారు. హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేయించాడు, నెహుష్టాను అన్నాడు, అంటే ఉత్త ఇత్తడి ముక్క అని (2 రాజులు 18:4). పరాయి దేశం బొమ్మయితే ఎవరో ఒకరు వేలెత్తి చూపేవారు. పెద్దలు దాచి ఇచ్చిన వస్తువు కదా, ఎవరికీ అనుమానం రాలేదు.

ఇక అసలు విషయం. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నూనె గురించి వివరంగా రాశారు. చివర్లో, చెప్పులేసుకుంటూ చెప్పినట్టు, మార్కులు తగ్గితే అన్నం దిగదన్నారు. నేను అక్కడే ఆగిపోయాను.

కన్ఫర్మేషన్ క్లాసుల్లో లూథర్ చిన్న ప్రశ్నోత్తరి మీరూ అప్పజెప్పే ఉంటారు. మొదటి ఆజ్ఞకి అర్థం అడిగితే, అన్నిటికన్నా ఎక్కువగా దేవునికి భయపడాలి, ఆయన్ని ప్రేమించాలి, ఆయన్నే నమ్మాలి అని గడగడా చెప్పేవాళ్లం. 1529లోనే వచ్చిన పెద్ద ప్రశ్నోత్తరిలో ఆయన ఇంకా సూటిగా అన్నాడు: నీ మనసు దేన్ని పట్టుకుని వేలాడుతుందో అదే నీ దేవుడని. మన విగ్రహమేదో పట్టుకోవడానికి ఆ మూడింట్లో నాకు బాగా పనికొచ్చింది భయం. ప్రేమ విషయంలో మనల్ని మనం మోసం చేసుకోగలం. భయం మాత్రం కంచం ముందు కూర్చోగానే బయటపడుతుంది.

నా సంగతీ చెబుతాను. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో కొంత పెట్టి 60 టిక్కీల (బస్తాల) తేజ రకం మిర్చి కొని, ఏటుకూరు రోడ్డులో కోల్డ్ స్టోరేజీలో పెట్టాను. గుంటూరులో ఇది మామూలే, దీన్నెవరూ పాపమనరు. పొద్దున్నే బైబిల్ కన్నా ముందు ఫోన్ తీసి మిర్చి యార్డు రేటు చూసేవాణ్ణి. రేటు పడిన వారంలోనే చర్చిలో సంస్కారం ఆదివారం, అంటే ప్రభువు రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ఆదివారం వచ్చింది. బల్ల దగ్గర మోకరించాను. టిక్కీకి 40 కిలోలు, 60 టిక్కీలకి 24 క్వింటాళ్లు, క్వింటాలుకి వెయ్యి తగ్గితే 24,000. గిన్నె నా దగ్గరికి వచ్చేసరికి లెక్క అక్కడికి చేరింది. ఇంటికొచ్చాక మా ఆవిడ "పెదాలు కదిపారు, ఏం ప్రార్థన చేశారండీ?" అంది. "పిల్లల గురించి" అన్నాను.

పౌలు ధనాపేక్షని విగ్రహారాధన అన్నాడని (కొలస్సీ 3:5) ముప్పై ఏళ్లు సండే స్కూల్లో చెప్పినవాణ్ణి నేను. సరుకు అమ్మేస్తే తీరిపోతుందనుకున్నాను. అమ్మేశాక కూడా మూడు వారాలు రేటు చూశాను! కాస్త పట్టు వదిలింది ఎప్పుడంటే, ఆ రోజు బల్ల దగ్గర ఏం చేశానో మా ఆవిడకి ఉన్నదున్నట్టు చెప్పినప్పుడు. ఇప్పుడు రాత్రిపూట ఫోన్ వంటింట్లో ఉంటుంది. ఒక్కోసారి తెల్లారకుండానే వెళ్లి తెచ్చుకుంటాను, అదీ నిజమే.

మీ అబ్బాయి చదవాలి, ర్యాంకూ రావాలి. నా స్టూడెంట్లకీ నేనదే కోరుకున్నాను. కానీ విగ్రహం ఊరికే కూర్చోదమ్మా, నైవేద్యం అడుగుతుంది. ఆదివారం ఇచ్చారు, వాడి పాట ఇచ్చారు, మీ నిద్ర ఇస్తున్నారు. నూనె కూడా మీరు దేవుడి కోసమని రాశారు గానీ, అందింది ర్యాంకుకే. అందుకని నెలకి ఒక్క ఆదివారం టెస్టు మానిపించి చర్చికి తీసుకురండి. కాలేజీ నుంచి ఫోన్ వస్తుంది. రానివ్వండి. అప్పుడు మీకు కాళ్లూ చేతులూ ఎంత వణుకుతాయో చూసుకోండి, అయ్యగారి ప్రసంగం అప్పుడు మీవారికీ అర్థమవుతుంది. సాయంత్రం వాడు రాగానే "ఎంతొచ్చింది?" అనకుండా "ఏం తిన్నావురా?" అనండి. మొదట అనుమానంగా చూస్తాడు. బీరువా మీది కీబోర్డు మాత్రం ఈ రోజే దించండి.

ప్రశ్న: దసరాకి పక్కింటి పిన్నిగారు ఇంద్రకీలాద్రి నుంచి అమ్మవారి ప్రసాదం తెచ్చిచ్చారు. కాదనలేక తీసుకుని, ఆవిడ వెళ్లాక పారేశాను. తప్పా?
– ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: పారేయడం తప్పు బాబూ. ఎదుట పుచ్చుకుని వెనక పారేస్తే ఆవిడతోనూ అబద్ధమే, మన విశ్వాసంతోనూ అబద్ధమే. విందులో పెట్టింది ఆరా తీయకుండా తినండి, ఇది అర్పించినదని ఎవరైనా చెబితే ఆ చెప్పినవారి మనస్సాక్షి కోసం మానేయండి అని 1 కొరింథీ 10లో ఉంది. పిన్నిగారు చెప్పే ఇచ్చారు కాబట్టి నేనైతే "మేం ప్రసాదం తీసుకోమండీ, గుర్తుపెట్టుకుని తెచ్చారు, లోపలికి రండి, కాఫీ తాగి వెళ్దురు" అంటాను. డిసెంబరులో మీరు కేకు పట్టుకెళ్తే "గుడ్డు వేశారా బాబూ?" అని ఆవిడా అడుగుతారు. ముందే కనుక్కుని చేయించండి.